మూజువాణి ఓటు: మాట ఎక్కడిది, అర్థం ఎంతవరకు?

ప్రశ్న:
పేపర్లో ఎప్పుడూ ‘బిల్లుకు మూజువాణి ఓటుతో ఆమోదం’ అని చదువుతుంటాం. ఇందులో వాణి సంస్కృతమేనా? అయితే ‘మూజు’ ఏమిటి? ఇంకో అనుమానం కూడా ఉంది. చర్చ లేకుండా హడావిడిగా కానిచ్చేస్తే దాన్నే మూజువాణి అంటారా? మా ఆఫీసులో అందరూ ఆ అర్థంలోనే వాడుతున్నారు.

జవాబు:
సంస్కృతం కాదండీ, ఉర్దూ. ‘ముఁహ్ జబానీ’. ముఁహ్ అంటే నోరు, జబాన్ అంటే నాలుక. రాతలో కాకుండా నోటితో చెప్పినది అని అర్థం. తెలుగువాళ్ల నోట్లో పడి ‘బ’ కాస్తా ‘వ’ అయింది, ‘న’ ‘ణ’ అయింది. చివర ‘వాణి’ అని వినిపించేసరికి మనకి సరస్వతీదేవి గుర్తొస్తుంది. హిందీవాళ్లూ కన్నడిగులూ ‘ధ్వనిమత’ అని సంస్కృతంతో పేరు పెట్టుకున్నారు. మనం కచేరీల (పాతకాలపు ప్రభుత్వ కార్యాలయాల) నాటి మాటనే ఉంచేసుకున్నాం. నాకైతే మనదే బాగుంది.

ఇంకొకరు:
రెండో అనుమానానికి నేను చెప్తాను. మీ ఆఫీసు వాడుక సరికాదండీ. మూజువాణి అన్నది నోటితో ‘ఔను’, ‘కాదు’ అనిపించి సభ అభిప్రాయం తీసుకునే పద్ధతికి పేరు, అంతే. చర్చ ఎంతసేపు జరిగిందో ఆ మాట చెప్పదు. రాత్రి పొద్దుపోయేదాకా చర్చించిన బిల్లునీ మూజువాణితో ఆమోదించవచ్చు.

లోక్‌సభలో బిల్లుకు మూడు పఠనాలు, అంటే మూడు దశలు. మొదటిది ప్రవేశపెట్టడం. మూడోది ‘బిల్లును ఆమోదించాలి’ అనే ప్రతిపాదన. అక్కడిదాకా వచ్చాక మాటల దిద్దుబాట్లు, పాత సవరణల వల్ల తప్పనిసరైన మార్పులు తప్ప ఇంకేవీ పెట్టనివ్వరు. అసలు పనంతా రెండోదాంట్లోనే. ముందు బిల్లు ఉద్దేశం మీద చర్చ. సెలెక్ట్ కమిటీకో (ఒక సభ సభ్యులది) సంయుక్త కమిటీకో (రెండు సభల సభ్యులది) పంపమని పట్టుబట్టేదీ ఇక్కడే. ఆ తర్వాత క్లాజులవారీ (బిల్లులోని ఒక్కో నిబంధన చొప్పున) పరిశీలన. తమాషా ఏమిటంటే, అది 2వ క్లాజుతో మొదలవుతుంది. చట్టం పేరు ఉండే 1వ క్లాజునీ, శీర్షికనీ ఆఖరున తీసుకుంటారు. లోపలి సరుకు మారితే పైన పేరు కూడా మార్చాల్సి రావచ్చు కదా!

సవరణ పెట్టాలనుకునే సభ్యుడు ముందురోజే నోటీసు ఇవ్వాలి, లేకపోతే ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. సవరణ బిల్లు పరిధి దాటకూడదు. ఊరికే ‘ఈ క్లాజు వద్దు’ అంటే అది సవరణ కాదు. వద్దనుకున్నవాళ్లు ఆ క్లాజుకి వ్యతిరేకంగా ఓటేస్తే సరిపోతుంది. ఓటుకు పెట్టిన ప్రతి సవరణకీ స్పీకర్ ఔననేవాళ్లని ఔననమంటారు, కాదనేవాళ్లని కాదనమంటారు. అంటే ఒక్క బిల్లులోనే మూజువాణి ఎన్నోసార్లు జరుగుతుంది. పేపర్లో మనకి కనపడేది ఆఖరుది.

ఆ కేకల మీద నమ్మకం లేని సభ్యుడు డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు, అడుగుతాడు. అప్పుడు లాబీలు ఖాళీ చేయిస్తారు, మూడున్నర నిమిషాలు గంటలు మోగుతాయి, బయట కబుర్లలో ఉన్నవాళ్లు పరుగెత్తుకొస్తారు, తలుపులు మూసేస్తారు. మళ్లీ ఒకసారి నోటితోనే అడుగుతారు. అప్పటికీ ఒప్పుకోకపోతే మీటలు నొక్కడమే: ఆకుపచ్చ ఔను, ఎరుపు కాదు, పసుపు తటస్థం. అనవసరంగా అడుగుతున్నారని స్పీకర్‌కి అనిపిస్తే, సభ్యుల్ని ఉన్నచోటే నిలబెట్టి తలలు లెక్కపెట్టే వీలు కూడా ఉంది. రాజ్యాంగ సవరణకి మాత్రం కేకలు చాలవు. 368వ అధికరణం ప్రకారం హాజరై ఓటేసినవారిలో మూడింట రెండొంతులు, సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి కావాలి. అందుకే 2023లో మహిళా రిజర్వేషన్ బిల్లుకి లోక్‌సభలో అనుకూలం 454, వ్యతిరేకం 2 అని అంకెలతో సహా మనకి తెలిసింది.

వేరొకరు:
బాగా చెప్పారు మాస్టారూ. కానీ జనం ఊరికే ఆ అర్థం తెచ్చుకోలేదు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు మూజువాణితోనే గట్టెక్కింది. అదే సమయానికి టీవీలో ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. బిల్లు కావాలన్నవాళ్లూ చూడలేదు, వద్దన్నవాళ్లూ చూడలేదు. 2020 సెప్టెంబర్ 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులప్పుడు ప్రతిపక్షం డివిజన్ అడిగింది. సీట్లలో ఉండి అడగలేదని ఇవ్వలేదు. అలాంటివి చూశాక మూజువాణి అంటే ‘కానిచ్చేశారు’ అనే చెవిన పడుతుంది మరి.

అంతకుముందు రాసినవారు:
మీ బాధ న్యాయమే. డివిజన్ అడిగితే ఇవ్వాల్సిందే, అందులో నాకూ రెండో మాట లేదు. అయినా ఇంకో ఉదాహరణ చూడండి. వ్యక్తిగత డేటా రక్షణ బిల్లుని 2019లో పెట్టి సంయుక్త కమిటీకి పంపారు. కమిటీ రెండేళ్లు కూర్చుని 81 సవరణలు సూచించింది. 2022 ఆగస్టులో ప్రభుత్వం ఆ బిల్లునే వెనక్కి తీసుకుంది. 2023 ఆగస్టు 3న కొత్తది పెట్టారు. 7న లోక్‌సభ, 9న రాజ్యసభ ఆమోదించాయి, రెండుచోట్లా మూజువాణే. ఈసారి బిల్లు కమిటీ గడప తొక్కలేదు. నా అభ్యంతరమల్లా దానితోనే. కమిటీలో నిపుణుల్ని పిలిచి వింటారు, అధికారుల్ని గుచ్చిగుచ్చి అడుగుతారు, పార్టీ విప్ (ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) పనిచేయదు. తలుపులు మూసి జరిగే పని కాబట్టి టీవీలో రాదు, అందుకే అది లేకపోయినా ఎవరికీ పట్టదు. సభలో ఎంత గట్టిగా అరిచారన్న దాని మీద పడే గోలలో సగం, బిల్లు కమిటీకి ఎందుకు వెళ్లలేదన్న దాని మీద పడితే బాగుండు.

మొదట అడిగినవారు:
ధన్యవాదాలండీ. పనిలో పని, సవరణలు ‘ఓడిపోయాయి’ అనకుండా ‘వీగిపోయాయి’ అంటారెందుకు?

జవాబు:
వాడుక అలా స్థిరపడింది. అభ్యర్థి ఓడిపోతాడు, తీర్మానం వీగిపోతుంది. 2018 జులై 20న అవిశ్వాసానికి అనుకూలంగా 126, వ్యతిరేకంగా 325 ఓట్లు వస్తే ‘వీగిపోయింది’ అనే రాశారు. ‘నెగ్గడం’ మాత్రం మనిషికీ సరిపోతుంది, తీర్మానానికీ సరిపోతుంది. ఇంకో సంగతి: సభ్యుడే మనసు మార్చుకుని సవరణని వదులుకుంటే వీగిపోయిందని రాయకూడదు, ఉపసంహరించుకున్నారు అని రాయాలి. సవరణ ఒకసారి సభ ముందుకు వచ్చాక దానికి కూడా సభ అనుమతి కావాలి.