మూడు నెలలుగా ఐరన్ టాబ్లెట్లు వేసుకుంటున్నా రక్తం పెరగడం లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

గుణుపురం కోడలు:

అందరికీ నమస్కారం. కన్నవారిది పార్వతీపురం దగ్గర పల్లె, పెళ్ళయ్యాక పన్నెండేళ్ళ నుంచీ ఒడిశాలోని గుణుపురంలోనే ఉంటున్నాను. వయసు 34, ఇద్దరు పిల్లలు. మార్చిలో మేడ మెట్లు ఎక్కితే ఆయాసం, గుండె దడ, మధ్యాహ్నానికల్లా కళ్ళు మూతలు పడిపోవడం, దువ్వెన నిండా జుట్టు, ఇలా ఉంటే చూపించుకున్నాను. హిమోగ్లోబిన్ 9.1 వచ్చింది. ఐరన్ టాబ్లెట్లు, కాల్షియం టాబ్లెట్లు రాశారు. పండగకి పుట్టింటికి వెళ్ళినా స్ట్రిప్పు సంచిలో పెట్టుకునే వెళ్ళాను, ఒక్క రోజు కూడా మానలేదు. మొన్న మళ్ళీ చేయిస్తే 9.4. మూడు నెలలకి పాయింట్ మూడు!

తిండి సంగతి కూడా చెప్తాను. పొద్దున్న చోడి (రాగి) అంబలి, దాని వెనకే టీ. మధ్యాహ్నం అన్నం, పప్పు, తోటకూరో బచ్చలో మునగాకో ఏదో ఒకటి ఉంటుంది, తిన్న వెంటనే టీ పడకపోతే నాకు తలనొప్పి. రాత్రి పడుకోబోయే ముందు రెండు టాబ్లెట్లూ కలిపి గ్లాసుడు పాలతో మింగుతాను. ఐరన్ పడితే కడుపులో మంట, అందుకని మెడికల్ షాపు అబ్బాయి ఇచ్చిన గ్యాస్ టాబ్లెట్ రోజూ పరగడుపున వేసుకుంటున్నాను. చేపగానీ మాంసంగానీ ఆదివారం ఒక్కరోజే.

ఇంకో రెండు సందేహాలు కూడా ఇక్కడే అడిగేస్తాను. రేషన్ బియ్యం కడిగితే కొన్ని గింజలు తెల్లగా పైకి తేలుతున్నాయి, మా అత్తయ్య అవి ప్లాస్టిక్ అని కూర్చుని ఒక్కొక్కటీ ఏరి పారేస్తున్నారు. నిజమేనా? మా మావయ్యగారికి 66, పదేళ్ళుగా షుగర్ మందులు వాడుతున్నారు, ఆయనకీ రక్తం 10.8 ఉందన్నారు, అరికాళ్ళు తిమ్మిర్లు, మంటలు. నా ఎర్ర టాబ్లెట్లే ఆయనా వేసుకుంటున్నారు. ఫరవాలేదు కదా?

మునగచెట్టు:

టాబ్లెట్లు అన్నీ మానెయ్యండి మేడమ్, అవన్నీ వేడి. చోళ్ళు, మునగాకు, బెల్లం, ఖర్జూరం చాలు. మా నాయనమ్మ ఒక్క టాబ్లెట్ మింగకుండా తొంభై ఏళ్ళు బతికింది.

పర్లాకిమిడి పిల్ల:

మునగచెట్టుగారూ, నాయనమ్మగారికి దండం, కానీ 9 దగ్గర ఉన్న మనిషికి బెల్లంతో రక్తం పట్టించాలంటే బెల్లం దుకాణమే కొనాలి. అక్కా, టాబ్లెట్లు మానొద్దు. నేను న్యూట్రిషన్ చదివాను, నీ పోస్ట్ చదువుతుంటే పరీక్షలో "ఇనుము ఒంటికి పట్టకుండా చేసే మార్గాలు రాయుము" అన్న ప్రశ్నకి జవాబు చదివినట్టుంది, కోప్పడకు.

ముందు ఇనుము సంగతి విను. మన ఒంట్లో ఉన్న ఇనుమంతా కలిపి మూడు నాలుగు గ్రాములే, ఒక చిన్న మేకంత. రోజూ కొత్త రక్తానికి కావలసిన ఇనుములో ఎక్కువ భాగం పాత ఎర్ర రక్తకణాల నుంచే వస్తుంది. కణం 120 రోజులు బతుకుతుంది, అది పోయాక అందులోని ఇనుము తీసి ఒళ్ళు మళ్ళీ వాడుకుంటుంది, పాత నగ కరిగించి కొత్తది చేయించుకున్నట్టు. ఎక్కువైన ఇనుముని బయటికి పంపే దారి ఒంటికి లేదు, అందుకే పేగు దగ్గరే గట్టి కాపలా ఉంటుంది. మాంసం, చేప, కాలేయంలో ఉన్న ఇనుము కాస్త సులువుగా లోపలికి వెళ్తుంది. ఆకుకూరలు, పప్పులు, చోళ్ళలో ఉన్నది మాత్రం పళ్ళెంలో పక్కన ఏముంటే దానికి లొంగిపోతుంది. టీలో వగరు ఉంటుంది చూడు, ఆ వగరు పదార్థాలే ఇనుముని పట్టుకుని కదలనివ్వవు, తిండితోపాటు టీ తాగితే పట్టే ఇనుము సగానికి పైగా పడిపోతుంది. మానమని అనను, నాకూ టీ లేకపోతే గడవదు. తిన్నాక గంటా గంటన్నర ఆగి తాగు, అంతే.

పాలు, కాల్షియం టాబ్లెట్ కూడా ఇనుముకి అడ్డమే. రెండు టాబ్లెట్లూ కలిపి పాలతో మింగితే, ఒకే తలుపులోంచి ఇద్దరూ ఒకేసారి దూరబోయి అక్కడే ఇరుక్కున్నట్టవుతుంది. కాల్షియం మధ్యాహ్నం భోజనంతో వేసుకో, ఐరన్ ఇంకో పూట. ఇక గ్యాస్ టాబ్లెట్ అన్నిటికన్నా తెలివైన తప్పు! కడుపులో పులుపు ఉంటేనే ఆ ఇనుము కరుగుతుంది, నువ్వు ఆ పులుపునే ఆపేసి ఇనుము మింగుతున్నావు. మంట తట్టుకోలేకపోతే కొంచెం తిని వేసుకో, లేదా రోజు విడిచి రోజు వేసుకోవచ్చేమో డాక్టరుని అడుగు. ఇనుము తక్కువున్న ఆడవాళ్ళలో అలా వేసుకుంటే ఒక్కో మోతాదులో ఎక్కువ వంతు పడుతుందని పరిశోధనల్లో తేలింది. ఒక మోతాదు పడగానే కాలేయం హెప్సిడిన్ అనే హార్మోన్ వదిలి పేగు తలుపు ఒక రోజు పాటు ఓరగా మూసేస్తుంది, మర్నాడు వేసుకున్నది చాలావరకు అలాగే బయటికి పోతుంది.

చోడి అంబలి మానకు, కానీ రక్తం కోసం అనుకుని తాగకు. 100 గ్రాముల చోళ్ళలో కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, పాలకి దాదాపు మూడింతలు, అది దాని గొప్ప. ఇనుము నాలుగైదు మిల్లీగ్రాములే, అందులోనూ ఫైటేట్ అనేది ఒకటి ఉండి చాలా భాగాన్ని బిగించేస్తుంది. చోళ్ళు నానబెట్టి మొలకెత్తించి పిండి పట్టించినా, అంబలి రాత్రంతా పులియబెట్టినా ఆ బిగింపు సడలుతుంది. మన పెద్దవాళ్ళు పులిసిన అంబలే తాగేవాళ్ళు, ఇప్పుడు మనమే పది నిమిషాల్లో కాచేసి తాగుతున్నాం. పప్పులో నిమ్మకాయ పిండుకో, భోజనం అవగానే ఒక జామకాయ తిను. సి విటమిన్ ఇనుముని పేగు తీసుకోగలిగే రూపంలోకి మారుస్తుంది, జామకాయలో అది నారింజకన్నా కొన్ని రెట్లు ఎక్కువ. గుణుపురం సంతలో జామకాయలకేం కొదవా!

రాయగడ మైక్రోస్కోప్:

ల్యాబులో ఇరవై ఏళ్ళుగా పని చేస్తున్నా. పై చెల్లెమ్మ చెప్పినదంతా కరెక్టే, అయితే అదంతా ఇనుము తక్కువే అని తేలాక మాట. హిమోగ్లోబిన్ తక్కువ అంటే ఇనుము తక్కువ అని అనుకోవద్దు, జ్వరం అంటే మలేరియా అని అనుకున్నట్టే అది.

నీ మార్చి రిపోర్టు తీసి చూడమ్మా, సీబీసీలో, అంటే రక్తకణాల లెక్క పరీక్షలో, ఎంసీవీ అని ఉంటుంది, అంటే ఎర్రకణం సైజు. మామూలుగా 80 నుంచి 100. అంతకన్నా తక్కువుంటే ఇనుము లోపం కావచ్చు, పుట్టుకతో వచ్చే తలసీమియా అనే రక్తం జబ్బు కావచ్చు. 100 దాటితే బి12 గానీ ఫోలిక్ యాసిడ్ గానీ తక్కువేమో చూడాలి. ఫెర్రిటిన్ చేయించు, అది ఒంట్లో ఇనుము దాచుకున్న కొట్టు లెక్క. 15 కన్నా తక్కువుంటే కొట్టు ఖాళీ. జ్వరం, వాపు ఉన్నప్పుడు చేయిస్తే దొంగగా ఎక్కువ చూపిస్తుంది, ఒళ్ళు బాగున్నప్పుడు చేయించు.

ఇంకోటి, మన రాయగడ, కొరాపుట్ వైపు ఉన్నాం కాబట్టి చెప్తున్నా, సికిల్ సెల్ టెస్టు ఒక్కసారి చేయించేసుకోండి, ఇంట్లో అందరూ. ఈ జబ్బు కోసం 2023 జులైలో కేంద్రం ఒక మిషన్ మొదలుపెట్టింది, ఆశా దీదీని అడిగితే ఎక్కడ చేస్తున్నారో చెప్తుంది. సికిల్ ఉన్నవాళ్ళకి కణం కొడవలిలా వంగిపోవడం పుట్టుకతో వచ్చిన లోపం, ఇనుము పోస్తే అది నిటారు కాదు. మాటిమాటికీ రక్తం ఎక్కించుకునేవాళ్ళకైతే ఒంట్లో ఇనుము ఇప్పటికే ఎక్కువై ఉంటుంది, వాళ్ళు డాక్టరు చెప్పకుండా ఐరన్ ముట్టుకోకూడదు.

అడగడానికి నాకు కొంచెం మొహమాటమే కానీ డాక్టరుకి మాత్రం దాచకు, నెలసరి ఎక్కువగా అవుతోందా? పై నుంచి ఎంత పోసినా కుండకి చిల్లుంటే నిండదు. చిన్నపిల్లలతో పొలానికి చెప్పుల్లేకుండా వెళ్తారా? కొంకి పురుగు పేగుకి అతుక్కుని రక్తం పీలుస్తుంది, దానికి మందు వేరే ఉంది.

ఇక మీ మావయ్యగారి సంగతి. ఆ టాబ్లెట్లు ఇవాళే ఆపించమ్మా. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారా? ఏళ్ళ తరబడి వాడితే కొందరికి బి12 సరిగా ఒంటికి పట్టదు. అరికాళ్ళ తిమ్మిర్లు షుగర్ వల్లా రావచ్చు, బి12 లోపం వల్లా రావచ్చు, చూసి చెప్పలేం, టెస్టు చేయాల్సిందే. నీ టాబ్లెట్లో ఇనుముతోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. బి12 లేనివాళ్ళు ఒట్టి ఫోలిక్ వేసుకుంటే రక్తం రిపోర్టు కాస్త బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు మాత్రం పాడవుతూనే ఉంటాయి, అదీ అసలు ప్రమాదం. పైగా ఆ వయసు మగాళ్ళకి రక్తం తగ్గిందంటే పేగుల్లో ఎక్కడైనా కారుతోందేమో డాక్టర్లు చూడాలి. ఇంట్లో ఇద్దరికీ ఒకటే చీర సరిపోదు కదా, మందూ అంతే.

మునగచెట్టు:

సరే సరే, నేను టాబ్లెట్లు విషం అనలేదు. బి12 మునగాకులో లేదా?

రాయగడ మైక్రోస్కోప్:

లేదు సార్. మొక్కల్లో ఉండదు. చేప, గుడ్డు, మాంసం, పాలు పెరుగు, అంతే. కాలేయం కొన్నేళ్ళకి సరిపడా దాచుకుంటుంది, అందుకే లోటు మొదలైన సంగతి చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

బరంపురం తాత:

నేను రిటైరైన సైన్సు మాస్టారిని, ఆ ప్లాస్టిక్ గింజల ప్రశ్న నాకు వదిలెయ్యండి. అవి ప్లాస్టిక్ కాదమ్మా. బియ్యప్పిండిలో ఇనుము, ఫోలిక్ యాసిడ్, బి12 కలిపి మిషన్లో గింజ ఆకారంలో ఒత్తుతారు, మామూలు బియ్యం నూరు పాళ్ళకి ఇవి ఒక పాలు కలుపుతారు. 2021 ఆగస్టు 15న ఎర్రకోట మీద ప్రధాని ప్రకటించిన పథకం అది. కిలో బియ్యానికి 28 నుంచి 42.5 మిల్లీగ్రాముల ఇనుము ఉండాలని నిబంధన. మీ అత్తగారు పాపం కళ్ళు చించుకుని ఏరి పారేస్తున్నది, ఆ బియ్యంలో ప్రత్యేకంగా కలిపిన దాన్నే! నాలుగు గింజలు ఉడకబెట్టి నలిపి చూపించండి, పిండైపోతాయి. అయితే ఆ బియ్యం తిన్నంత మాత్రాన 9 కాస్తా 12 అవుతుందనుకోకండి, అది రోజువారీ తిండికి చిన్న ఆసరా, అంతే. ఇంట్లో తలసీమియా, సికిల్ ఉన్నవాళ్ళుంటే డాక్టరుని అడిగి తినండి.

ఈ బియ్యం గొడవ మనకి కొత్త కాదు. గంజాం నుంచి కిందికి సర్కారు జిల్లాలన్నీ ఒకప్పుడు బెరిబెరికి పేరుపడ్డవి. మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినేవాళ్ళం మనం, తవుడుతోపాటు బి1 విటమిన్ పోయేది, కాళ్ళు వాచి, గుండె వాచి జనం పోయేవారు. ఉప్పుడు బియ్యం తినే దక్షిణాది తమిళ జిల్లాల్లో అంత లేదు. ధాన్యాన్ని నానబెట్టి ఆవిరి పట్టినప్పుడు పై పొరల్లోని బి1 గింజ లోపలికి దిగి కూర్చుంటుంది, తరవాత పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. ఇక్కడ ఒడియా వాళ్ళు ఉసునా అన్నం, అంటే ఆ ఉప్పుడు బియ్యం అన్నమే, తింటుంటే మనవాళ్ళు వాసనని ముక్కు మూసుకుంటారు, నా పెళ్ళిలో మా వియ్యాలవారూ మూసుకున్నారు. ఇవాళ హైదరాబాద్‌లో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టింది బెరిబెరి పరిశోధన కోసమే, 1958లో హైదరాబాద్ వచ్చింది. మీరు గంజి వార్చే అలవాటుంటే మానండి, నీళ్ళలో కరిగే విటమిన్లు గంజితో పోతాయి. లేదా వార్చిన గంజితో తరవాణి పెట్టుకోండి, వేసవిలో దాని ముందు కూల్‌డ్రింకులు దిగదుడుపు.

మరో మాట, ఆ టాబ్లెట్లోని ఫోలిక్ యాసిడ్‌ని 1945లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. స్ప్రూ అనే పేగుల జబ్బుతో అన్నదమ్ములు పోతే ఆయన మందుల పరిశోధన వైపు వెళ్ళారు. క్లాసులో ఇది చెప్పకుండా ఒక్క ఏడాదీ గడవలేదు నాకు.

గుణుపురం కోడలు:

ఏడు వారాలైంది, సంగతులు చెప్దామని వచ్చాను. ఎంసీవీ 69, ఫెర్రిటిన్ 7 వచ్చాయి, సికిల్ లేదు. నెలసరి ఏడెనిమిది రోజులు అవుతుంది నాకు, అది మామూలే అనుకుని ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు, లేడీ డాక్టరుకి చెప్తే స్కానింగ్ చేసి దానికి వేరే మందు ఇచ్చారు. గ్యాస్ టాబ్లెట్ ఆపేశాను. ఐరన్ రోజు విడిచి రోజు, పొద్దున్న నిమ్మరసంతో, కాల్షియం మధ్యాహ్నం. టీ గంటన్నర ఆగి తాగుతున్నాను, మొదటి వారం తలనొప్పితో ఇంట్లో అందరినీ అరిచాను. ఇప్పుడు హిమోగ్లోబిన్ 11.2. మూడు నెలలు మందులు రాసిచ్చిన చోట ఎలా వేసుకోవాలో ఒక్క మాట చెప్పుంటే ఎంత బాగుండేది అని ఒళ్ళు మండింది.

మావయ్యగారికి బి12 బాగా తక్కువ అన్నారు, ఇంజెక్షన్లు ఇస్తున్నారు, మల పరీక్షలో రక్తమేమీ కనపడలేదు. తిమ్మిర్లు కొంచెం తగ్గాయంటున్నారు, పూర్తిగా పోవడానికి నెలలు పట్టొచ్చట. అత్తయ్యకి గింజలు ఉడకబెట్టి నలిపి చూపించాను, తాతగారూ. చూశారు. ఊఁ అన్నారు. పారెయ్యడం మానేశారు, ఇప్పుడు ఏరి కోళ్ళకి వేస్తున్నారు.

రాయగడ మైక్రోస్కోప్:

కోళ్ళకి బాగా పడుతుందిలే! చెల్లెమ్మా, 12 రాగానే టాబ్లెట్లు మానెయ్యకు, అందరూ చేసే తప్పు అదే. ముందు రక్తం నిండుతుంది, కొట్టు తరవాత నిండుతుంది. ఆ తరవాత కూడా ఇంకో మూడు నెలలు వాడమంటారు మామూలుగా, ఫెర్రిటిన్ మళ్ళీ చూసుకుని డాక్టరు చెప్పాకే ఆపు. ఆ స్ట్రిప్పులు పిల్లలకి అందని చోట పెట్టు, ఎర్రగా చాక్లెట్లలా ఉంటాయి, చిన్నపిల్లలు నాలుగైదు మింగితే ప్రాణం మీదకి వస్తుంది.