మన్యానా పోర్ లా మన్యానా: ఇందులో రేపు ఏది, పొద్దున ఏది?

అలిపిరి: మా తమ్ముడు మెక్సికో వాళ్లతో ఫోన్లో స్పానిష్‌లో మాట్లాడే పని చేస్తాడు. నిన్న రాత్రి మిద్దె మీద మాట్లాడుతుంటే ఒక ముక్క చెవిన పడింది, పొద్దన్నించి వదలడం లేదు. ‘మన్యానా ... లా మన్యానా’. మధ్యలో పోర్ అన్నాడో ఎన్ అన్నాడో గుర్తు రావడం లేదు. యాప్‌లో కొడితే ఇంగ్లిష్‌లో ‘టుమారో మార్నింగ్’ అని వచ్చింది. ఒకే మాట రెండుసార్లు వస్తే ఒకటి టుమారో, ఇంకోటి మార్నింగ్ ఎట్లయ్యాయి?

పలమనేరు: లా ఉంది కదన్నా, అదే పొద్దున. లా మన్యానా స్త్రీలింగం, ఉదయం. ఎల్ మన్యానా అని పుంలింగం చేస్తే భవిష్యత్తు. ముందు ఏమీ లేకుండా ఒట్టిగా వస్తే రేపు. పసాదో మన్యానా అంటే ఎల్లుండి.

నగరి: ముందు మన్యానా అని రాయడం ఆపండి. అది నకారం కింద యకారం కాదు, ఒక్కటే అక్షరం, మన ఞ. మఞాన అని రాయాలి. మా వైపు అరవంలో ఆదివారాన్ని ఞాయిరు అంటారు, నాలుక నడుమ భాగం వెళ్లి అంగిలికి ఆనుతుంది, అచ్చం అదే ధ్వని.

పలమనేరు: అక్కా, జ్ఞానాన్నే గ్నానం అంటున్నాం. మఞాన అని రాస్తే సగం మంది తడబడతారు.

నగరి: తడబడతారని ఉన్న అక్షరం వదిలేస్తామా? స్పానిష్‌లో ఆ అక్షరం నెత్తిన ఉండే అల గీత, పాతకాలం లేఖకులు రెండో నకారాన్ని చోటు కలిసొస్తుందని పైకెక్కించింది. లాటిన్‌లో అన్నుస్, స్పానిష్‌లో ఆఞో, సంవత్సరం. మన ఏఁడు చూడండి, అరసున్న ఉంటే సంవత్సరం, తీసేస్తే అంకె. ఆఞోలో గీత తీసేస్తే నలుగురిలో అనకూడని మాట అవుతుంది.

చిత్తూరు మాస్టారు: అరసున్న పోలిక బాగుందమ్మా. కానీ అసలు సంగతి రేపులోనే ఉంది. బ్రౌను నిఘంటువు తీయండి, రేపు అంటే ఉదయం అనే అర్థం కూడా కనిపిస్తుంది. రేపకడ అంటే తెల్లవారుజాము. కాబట్టి మన రేపూ వాళ్ల మన్యానా ఒకే దారిన నడిచాయి. ఇంగ్లిష్ టుమారోలోనూ ఉన్నది ఉదయమే. ‘రేపు మాపు అని తిప్పుతున్నాడు’ అంటాం చూడండి, అది మొదట పొద్దున సాయంత్రం అనే జంట.

పలమనేరు: మాపు ఊరికే ప్రాస కోసం తగిలించింది కాదా సార్? పెళ్లీ గిళ్లీలాగా?

చిత్తూరు మాస్టారు: కానే కాదు. మాపటేళ అనే మాట మన జిల్లాలో ఇంకా బతికే ఉంది. మా అమ్మ పాలవాడితో ‘మాపటికి అర లీటరు ఎక్కువ పొయ్యి’ అనేది, రేపటికి అని కాదు, ఆ సాయంత్రానికే.

అలిపిరి: ఇంగ్లిష్ వాళ్లు మన్యానాను ‘ఎప్పుడో ఒకప్పుడు’ అనే అర్థంలో తీసుకున్నారట, అచ్చం మన రేపు మాపు. రేప్పొద్దున కూడా అంతే కదా సార్, ‘రేప్పొద్దున నాకేమైనా అయితే’ అంటాం. అక్కడ పొద్దునా లేదు, రేపూ లేదు.

చిత్తూరు మాస్టారు: అదే మీ ఎల్ మన్యానా! రేపకడ కోసం అన్నమయ్య మేలుకొలుపులు మళ్లీ తీశాను. స్వామిని లేపడానికి పాము దోమతెర పైకెత్తవయ్యా అంటాడు, తెల్లవారి జామెక్కిందంటాడు. చీకట్లో కొండ కింద నిలబడి ఆ మాట వింటే పొద్దు అనే మాట బరువు తెలుస్తుంది. ఏ నిఘంటువూ అది చెప్పలేదు.

పలమనేరు: జామెక్కడం అంటే జాము గడవడమా, మొదలవడమా సార్?

చిత్తూరు మాస్టారు: గడవడమే. పొద్దెక్కింది అన్నట్టు.

నగరి: నాకు మొదలవడం అనే తోస్తోంది.

అలిపిరి: సరే, నా పోర్ సంగతి? పోరా, ఎన్నా?

పలమనేరు: స్పెయిన్‌లో పోర్. మెక్సికో వైపు ఎన్ కూడా బాగా వాడతారు. తమ్ముణ్ణే అడగన్నా.

అలిపిరి: వాడు నైట్ షిఫ్ట్ చేసి నిద్రపోతున్నాడు, మాపటేళ లేస్తాడు.

నగరి: ఈలోగా పైన మఞాన అని దిద్దండి.