గోల్ఫ్ ఆడేవాళ్ల జీపీఎస్ సముద్రంలో పనికొస్తుందా? నాన్న బోటుకి ఏది కొనాలి?

పల్లిపాలెం కుర్రోడు

అందరికీ నమస్కారం అండి. మాది అంతర్వేది పల్లిపాలెం. నాన్నకి ఫైబర్ బోటు ఉంది, నలుగురు వెళ్తారు, కాలాన్ని బట్టి ఒక్కోసారి రెండు రాత్రులు బయటే ఉంటారు. మొన్న సంక్రాంతి ముందు తెల్లవారుజామున తిరిగొస్తుంటే మంచు కమ్మేసి వశిష్ఠ మొగ (గోదావరి పాయ సముద్రంలో కలిసే చోటు) ఎటుందో తెలియక మూడు గంటలు బయటే తిరిగారు. ఫోన్ ఉంది, కానీ ఉప్పునీళ్లు పడి తెర మీద వేలు పనిచేయలేదంట. మంచు విడిచాక లైట్‌హౌస్ కనపడితే లోపలికొచ్చారు. ఆ మూడు గంటలూ అమ్మా నేనూ పడ్డ టెన్షన్ పగవాళ్లకి కూడా వద్దు.

ఇప్పుడు డాలస్‌లో ఉండే మా బావ తన పాత గోల్ఫ్ జీపీఎస్ పంపిస్తానంటున్నాడు. చేతిలో ఇమిడేది, చూడ్డానికి బాగుంది, జీపీఎస్ ఏదైనా ఒకటేగా అంటాడు. చిన్నాన్నేమో మంచి ఫోన్ ఒకటి కొంటే చాలంటాడు. రేవులో ఒకాయన బోట్లకి వాడే చేతి జీపీఎస్సే కొనమంటాడు. నా దగ్గర 20 వేలు ఉన్నాయి. వేట నిషేధం జూన్ 14తో అయిపోతుంది, ఈలోపే తేల్చుకోవాలి. వాడినవాళ్లు చెప్పండి.

భీమవరం నుంచి హ్యూస్టన్

తమ్ముడూ, నేను ప్రతి శనివారం గోల్ఫ్ ఆడతాను, అలాంటి పరికరం నాకూ ఉంది, అందుకే గట్టిగా చెప్తున్నాను, అది మీ నాన్నగారి చేతిలో పెట్టొద్దు. మీ బావగారు మంచి మనసుతోనే అన్నారు, కానీ అది చేసే పని వేరు. దాని లోపల గోల్ఫ్ కోర్సుల మ్యాపులు ముందే వేసి ఉంటాయి. మనం ఏ కోర్సులో ఉన్నామో చూసుకుని, బంతి పడాల్సిన గుంట ఉండే పచ్చిక ముందు అంచుకి ఎన్ని గజాలు, మధ్యకి ఎన్ని, వెనక అంచుకి ఎన్ని అని చెప్తుంది. అంతే. నీళ్ల మీద నీకు కావాల్సింది ఇక్కడ పాయింట్ కొట్టుకుని, అంటే ఉన్న చోటు గుర్తు పెట్టుకుని, రేపు మళ్లీ ఆ పాయింట్‌కి దారి చూపించమని అడగడం. అది ఆ పని కోసం చేసింది కాదు. మొగ దగ్గర నిలబడి ఆన్ చేస్తే దగ్గర్లో కోర్సు కోసం వెతుక్కుంటూ కూర్చుంటుంది. పైగా ఒక ఆట నాలుగైదు గంటలు, ఆ లెక్కకి సరిపోయే బ్యాటరీ పెడతారు, ఇంటికెళ్లి ఛార్జింగ్ పెట్టుకుంటారు.

దూరం చూసే లేజర్ యంత్రం పంపిస్తానన్నా వద్దను. లేజర్ కంటికి కనిపించేదాన్నే కొలుస్తుంది. మంచులో దానికి ఏమీ కనపడదు.

ఓడలరేవు ఫైబర్

గోల్ఫ్‌ది వద్దన్న మాట సరే. కానీ చేతి జీపీఎస్ కూడా ఎందుకండీ? ఫోన్‌లో జీపీఎస్‌కి సిమ్ సిగ్నల్ అక్కర్లేదు, టవర్ లేని చోట కూడా ఉపగ్రహాల నుంచి తీసుకుంటుంది. మ్యాపు ముందే దించుకుంటే చాలు. ఆరుబయట ఫోనైనా, ఖరీదైన పరికరమైనా అసలు చోటుకి తేడా మూడు నుంచి ఐదు మీటర్లే. నేను ఐదేళ్లుగా ఫోన్‌తోనే వెళ్తున్నాను, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మెడలో వేసుకుంటాను, ఇంకోటి డబ్బాలో అదనంగా ఉంటుంది.

అసలు నా బాధ వేరే. నలుగురు వెళ్తున్నారన్నారు, బోటులో లైఫ్ జాకెట్లు ఎన్నున్నాయి? నలుగురికీ లేకపోతే ఆ 20 వేలల్లో ముందు అవి కొనండి. దారి తప్పినవాడు మధ్యాహ్నానికైనా ఇంటికొస్తాడు. నీళ్లలో పడ్డవాడికి జాకెట్ లేకపోతే రాడు. నేను మా మేనమామ విషయంలో చూశాను కాబట్టి చెప్తున్నాను.

కాకినాడ సరంగు

22 ఏళ్లుగా మర బోటు నడుపుతున్నాను. జాకెట్ల మాట ఫైబర్ తమ్ముడు నిజం చెప్పాడు, దాని మీద వాదన లేదు. ఫోన్ చాలన్న మాట మాత్రం ఒప్పుకోను.

ఫోన్ సరిగ్గా మనకి అవసరమైన గంటలోనే చచ్చిపోతుంది. మంచు, వాన, చేతుల నిండా వల జిగురు, తెర మీద నీటి చుక్క పడితే అదే వేలనుకుని ఇష్టమొచ్చినట్టు కదులుతుంది. కుర్రోడి నాన్నకి జరిగింది అదే. మీటల జీపీఎస్ చీకట్లో చూడకుండా నొక్కొచ్చు. రెండు పెన్సిల్ సెల్స్ వేస్తే నడుస్తుంది, అయిపోతే ఇంకో రెండు వేస్తాం, నర్సాపురంలో కిళ్లీ కొట్లో కూడా దొరుకుతాయి. నడి సముద్రంలో ఛార్జర్ వెతుక్కోవాల్సిన పని లేదు. ఎండలో తెర కనపడుతుంది, ఫోన్ తెర మధ్యాహ్నం పన్నెండింటికి చూడాలంటే తువ్వాలు కప్పుకోవాలి.

ఇంకో సంగతి కొనేముందు అడుగు తమ్ముడూ. చవక రకాల్లో కొన్నిటికి లోపల దిక్సూచి ఉండదు. బోటు కదులుతున్నప్పుడే బాణం సరైన దిక్కు చూపిస్తుంది, ఇంజను ఆపి నిలబడితే ఆ బాణాన్ని నమ్మకూడదు. తెలియనివాడు మంచులో బోటు ఆపి, బాణం చూసి, అటు తిప్పుతాడు. కొంతదూరం ముందుకు నడిపి అప్పుడు చూడాలి. లేదంటే దిక్సూచి ఉన్న రకం కొనాలి. మామూలు దిక్సూచి ఒకటి బోటులో ఎప్పుడూ ఉండాలి, దానికి సెల్ అక్కర్లేదు.

ఓడలరేవు ఫైబర్

సరంగు గారూ, మీది పెద్ద బోటు, పైన గది ఉంటుంది, కరెంటు ఉంటుంది. మా ఫైబర్ బోటులో చిన్న పరికరం ఒక్క అలకి చేతిలోంచి జారితే 15 వేలు సముద్రం పాలు. ఫోన్ పోతే 8 వేలు.

కాకినాడ సరంగు

తేలే రకాలున్నాయి. గార్మిన్‌లో జీపీఎస్‌మ్యాప్ 79 రకం నీళ్లలో పడితే పైకి తేలుతుంది, పెన్సిల్ సెల్సే వేస్తారు. అదే కంపెనీ ఈట్రెక్స్ చిన్నది, చవక, సెల్ ఎక్కువ రోజులొస్తుంది, కానీ మునిగిపోతుంది. దానికి తాడు కట్టి బోటు కొయ్యకి ముడేసుకోవాలి. తాడు ఖరీదు పది రూపాయలు.

యానాం రిపేరు

మా షాపుకి నెలకి ఇరవై పైనే వేట ఫోన్లు వస్తాయి. వాటర్‌ప్రూఫ్ అని డబ్బా మీద రాసి ఉంటుంది. ఐపీఎక్స్7 అంటే ఒక మీటరు లోతులో 30 నిమిషాలు, అదీ మంచినీళ్లలో చేసిన పరీక్ష. ఉప్పునీళ్ల సంగతి అది చెప్పదు. ఛార్జింగ్ బొక్కలో ఉప్పు చేరి పచ్చగా తుప్పు పట్టి వస్తాయి. ఇదే మాట చేతి జీపీఎస్‌కీ చెప్పాలి, దానికి కూడా సెల్ డబ్బా లోపల తీగల్ని ఉప్పు తినేస్తుంది. వేట నుంచి రాగానే మంచినీళ్లతో కడిగి, తుడిచి, సెల్స్ తీసి పక్కన పెట్టాలి. నిషేధం 61 రోజులూ సెల్స్ లోపలే వదిలేస్తే అవి కారిపోయి మొత్తం పాడవుతుంది. ఇది చేసేవాళ్లకి పరికరం ఏళ్ల తరబడి వస్తుంది.

ఫోన్ గురించి ఇంకో మాట. ఒడ్డున నెట్ ఉన్నప్పుడు ఉపగ్రహాల సమాచారం టవర్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి క్షణాల్లో చోటు చూపిస్తుంది. నెట్ లేని చోట ఆఫ్ చేసి ఆన్ చేస్తే ఆ సమాచారం ఉపగ్రహాల నుంచే తీసుకోవాలి, నిమిషాలు పట్టొచ్చు. పాడైందనుకుని మళ్లీ మళ్లీ ఆఫ్ చేస్తారు, ఇంకా ఆలస్యమవుతుంది. రేవు దాటక ముందే ఆన్ చేసి అలాగే ఉంచాలి. చేతి జీపీఎస్‌కైనా ఇదే పద్ధతి మంచిది.

ఫిషరీస్ పాతమనిషి

నేను మత్స్యశాఖలో పనిచేసి రిటైరయ్యాను. మీరందరూ పరికరం గురించి కొట్టుకుంటున్నారు, నేను చూసిన పొరపాట్లలో ఎక్కువ అంకెలు కొట్టడంలోనే జరిగాయి.

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు చేపలు దొరికే చోట్లు చెప్తారు కదా, సముద్రం పైనీటి వేడి, నాచు రంగు ఉపగ్రహంతో చూసి, ఏ రేవు నుంచి ఏ దిక్కున ఎంత దూరమో, అక్షాంశ రేఖాంశాలతో సహా ఇస్తారు. అవి డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటాయి. ఒక డిగ్రీకి 60 నిమిషాలు. ఫోన్ మ్యాపులు దశాంశాల్లో చూపిస్తాయి. 16 డిగ్రీల 10 నిమిషాలు అని వస్తే కుర్రాళ్లు ఫోన్‌లో 16.10 అని కొడతారు. కానీ 16.10 అంటే 16 డిగ్రీల 6 నిమిషాలు. నాలుగు నిమిషాల తేడా. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, 1852 మీటర్లు. అంటే ఏడు కిలోమీటర్ల పైన తప్పిపోతారు, డీజిల్ పోయాక సమాచారం తప్పని తిడతారు. సరిగ్గా కొట్టాలంటే 16.1667. ఏ పరికరం కొన్నా ముందు సెట్టింగుల్లోకి వెళ్లి డిగ్రీలు, నిమిషాలు, సెకన్ల పద్ధతికి మార్చి, బోటులో అందరూ అదే పద్ధతి పెట్టుకోండి.

రెండోది, విదేశాల నుంచి చుట్టాలు పంపించే వాటి గురించి. మామూలు జీపీఎస్‌తో ఇబ్బంది లేదు. ఉపగ్రహం ద్వారా మెసేజ్‌లు, ప్రమాద సంకేతం పంపే విదేశీ పరికరాలు మన దేశంలో టెలికం శాఖ అనుమతి లేకుండా దగ్గర పెట్టుకోవడం నేరం. తెలియక తెచ్చుకుని ఇబ్బంది పడొద్దు. ఆ పని కోసమే ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లను లక్ష బోట్లకి ఉచితంగా పెట్టే పథకం 2024 ఆగస్టు 30న మొదలైంది. దాంట్లో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు మెసేజ్ వెళ్తుంది, ప్రమాదమైతే మీట నొక్కొచ్చు. మీ బోటుకి రిజిస్ట్రేషన్, లైసెన్సు సరిగ్గా ఉంటే మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. 2019లో వచ్చిన జెమినీ పరికరంతో దీన్ని కలపొద్దు, అది తుఫాను హెచ్చరికలు ఫోన్‌కి తెచ్చిపెడుతుంది కానీ మీ మాట ఒడ్డుకి చేర్చదు.

పల్లిపాలెం కుర్రోడు

ఆ 16.10 మాట చదివి నాన్నని అడిగితే, పోయినేడాది రెండుసార్లు ఉత్తి వలతో తిరిగొచ్చింది అందుకేనేమో అన్నాడు. పాయింట్ కొట్టింది నేనే.

ఇంకో సందేహం. నాన్నకి ఇంగ్లీషు చదవడం రాదు. మొగలోకి వచ్చే దారి మొత్తం ఒకసారి రికార్డు చేసి పెడితే, ఆ గీత మీదే వచ్చేస్తే సరిపోతుందా?

కాకినాడ సరంగు

వద్దు! ఈ ఒక్కమాట మాత్రం బాగా చదువు.

జీపీఎస్ నువ్వు ఎక్కడున్నావో చెప్తుంది, కింద ఎంత నీరుందో చెప్పదు. మన గోదావరి మొగల్లో ఇసుక మేటలు ఒకచోట ఉండవు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర 70 అడుగులు దాటి వచ్చిన వరద తీశాక, అంతకుముందు బోటు వెళ్లిన చోట మోకాలి లోతు నీళ్లున్న మొగలు నేను చూశాను. పోయినేడాది గీత పట్టుకుని చీకట్లో వస్తే నేరుగా మేట ఎక్కుతారు, వెనక నుంచి అల కొడితే ఫైబర్ బోటు తిరగబడుతుంది. ప్రతి వరద తర్వాత పాత గీత చెరిపేసి, పగటిపూట, పోటు మీద, గెడ వేసి లోతు చూసుకుంటూ కొత్తది రికార్డు చేసుకోవాలి. అప్పుడు కూడా మంచులో, రాత్రి దాన్ని నమ్ముకుని రావొద్దు.

మరి జీపీఎస్ ఎందుకంటావా? మొగకి బయట, అలలు విరగని చోట, లంగరు పట్టే నీళ్లలో ఒక పాయింట్ కొట్టుకో. మంచు పడితే వెతుక్కుంటూ తిరగకుండా ఆ పాయింట్‌కి వచ్చి లంగరేసి మంచు విడిచేదాకా ఆగడమే. మీ నాన్న మూడు గంటలు తిరిగిన డీజిల్ మిగులుతుంది, ఎవడి బోటుకీ గుద్దుకోకుండా ఉంటారు.

ఓడలరేవు ఫైబర్

సరంగు గారూ, ఈ మాటకి నా దండం. మా వైపు వైనతేయ మొగలో నేను పాత గీత మీదే వస్తున్నాను, రేపటి నుంచి మానేస్తాను. పాయింట్ పెట్టుకుని ఆగడానికైతే ఫోన్ కూడా చాలన్న నా మాట మాత్రం మార్చుకోను.

భైరవపాలెం ఆడపడుచు

మగవాళ్లెవరూ చెప్పని మాట ఒకటి చెప్తాను. మా ఆయన పాయింట్లన్నీ జీపీఎస్ మిషన్‌లోనే ఉండేవి. నీళ్లకింద రాయి ఎక్కడుంది, చందువ చేప ఎక్కడ పడుతుంది, అన్నీ. పక్క బోటువాళ్లకి తెలుస్తాయని ఎవరికీ చెప్పడు, నాకు కూడా చెప్పలేదు. ఒకరోజు మిషన్ నీళ్లలో పడింది, పన్నెండేళ్ల పాయింట్లు పోయాయి. ఆయన ఆ రోజు అన్నం తినలేదు.

అప్పటి నుంచి నోటుపుస్తకంలో నేను రాస్తున్నాను, డిగ్రీలు, నిమిషాలు, పక్కన తెలుగులో గుర్తు. ఇంకోటి, బయల్దేరే ముందు ఈరోజు ఏ పాయింట్ వైపు వెళ్తున్నాడో, ఎన్నింటికి రావాలో చీటీ రాసి ఇస్తాడు. టైముకి రాకపోతే 1554కి ఫోన్ చేసి కోస్ట్‌గార్డ్ వాళ్లకి ఎక్కడ వెతకాలో చెప్పగలను. 1996 నవంబరు 6 తుఫానులో మా అత్తగారి తమ్ముళ్లిద్దరూ పోయారు, ఎటు వెళ్లారో కూడా ఒడ్డున ఎవరికీ తెలియదు. ఆవిడ ఇప్పటికీ గాలొస్తే గుమ్మంలో కూర్చుంటుంది. ఫోనా మిషనా మీ ఇష్టం, ఆ చీటీ మాత్రం ఇంట్లో ఇప్పించుకో తమ్ముడూ.

పల్లిపాలెం కుర్రోడు

అందరికీ చెప్పాలని మళ్లీ వచ్చాను. బావకి గోల్ఫ్‌ది వద్దని చెప్పేశాను, ఏమీ అనుకోలేదు. ముందు జాకెట్లు, రెండే ఉండేవి, ఇంకో రెండు కొన్నాం. మిగిలిన డబ్బుతో తేలే రకం రాలేదు, మీటలుండి దిక్సూచి ఉన్న చిన్నది తీసుకుని తాడు కట్టాం. పాత ఫోన్ సంచిలో పెట్టి అదనంగా ఉంచాం. నిషేధం ఉండగానే నర్సాపురం, సఖినేటిపల్లి రేవుల మధ్య జనాన్ని దాటించే పంటు మీద నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగి నాన్నకి నేర్పాను. ఇంగ్లీషు అడ్డం రాలేదు, మూడు మీటలే వాడతాడు, బొమ్మలు చూసి గుర్తుపెట్టుకున్నాడు.

జూన్ 15న బయల్దేరి వెళ్తూ మొగ దాటగానే ఐదు బారల లోతు నీళ్లలో లంగరు వేసి చూసి మొదటి పాయింట్ కొట్టాడంట. దాని అంకెలు అమ్మ క్యాలెండర్ వెనక రాసుకుంది.