వర్జీనియా ప్రైమరీ బ్యాలెట్‌లో గవర్నర్ పేరే లేదేంటి?

కొత్తఓటరు:
2025 మార్చిలో సిటిజన్‌షిప్ వచ్చింది. ఆ ఊపులో జూన్ 17న ప్రైమరీకి (నవంబర్‌కి ముందు పార్టీ అభ్యర్థులని ఎంచే ఎన్నిక) పొద్దున్నే వెళ్లిపోయాను, ఇక్కడ ఇదే మొదటి ఓటు. పేరు, అడ్రస్ పైకి చెప్పమన్నారు, చెప్పాను, డెమోక్రాట్ల బ్యాలెట్ చేతిలో పెట్టారు. చూస్తే లెఫ్టినెంట్ గవర్నర్‌కి (గవర్నర్ తర్వాతి పదవి) ఆరు పేర్లు, అటార్నీ జనరల్‌కి రెండు. గవర్నర్ అన్న మాటే లేదు! కాగితం వెనక్కి తిప్పి కూడా చూశాను. అడుగుదామంటే వెనకాల లైను, మొహమాటం, ఉన్నవాటికే వేసేసి స్టిక్కర్ అంటించుకుని వచ్చేశాను.

నవంబర్ 4న వెళ్తే గవర్నర్‌కి డెమోక్రాట్ స్పాన్‌బర్గర్, రిపబ్లికన్ ఎర్ల్-సియర్స్ ఇద్దరూ సిద్ధంగా ఉన్నారు. మరి వీళ్లని ఎవరు, ఎప్పుడు ఎంపిక చేశారు? మా ఆవిడ అడిగితే సమాధానం చెప్పలేకపోయాను. ఇంకో డౌట్ కూడా ఉంది, నేను ఏ పార్టీలోనూ మెంబర్‌ని కాదు, అయినా ఒక పార్టీ అభ్యర్థిని ఎంచే ఓటు నాకెలా ఇచ్చారు?

పోలింగ్‌బల్ల:
మీకిచ్చింది సరైన బ్యాలెట్టే అండీ. ఆ రోజు నేనూ ఒక పోలింగ్ కేంద్రంలో డ్యూటీలో ఉన్నా, మధ్యాహ్నంలోపు ఇదే ప్రశ్న ఓ పదిమంది అడిగి ఉంటారు, మీరు కూడా అడిగేయాల్సింది.

మన మాటల్లో చెప్పాలంటే అది ఏకగ్రీవం. వర్జీనియాలో ఒక పదవికి పార్టీ తరఫున ఒక్కరే అర్హత సాధిస్తే ఆ పదవికి ప్రైమరీ ఉండదు, ఆ పేరు జూన్ బ్యాలెట్ ఎక్కకుండా నేరుగా నవంబర్‌కి వెళ్లిపోతుంది. డెమోక్రాట్లలో స్పాన్‌బర్గర్‌తో పాటు రిచ్మండ్ మేయర్ లెవార్ స్టోనీ కూడా మొదట గవర్నర్‌కే దిగారు, కానీ 2024 ఏప్రిల్‌లో తప్పుకుని లెఫ్టినెంట్ గవర్నర్ రేసులోకి మారిపోయారు. మీ బ్యాలెట్‌లో ఆరుగురిలో ఆయన పేరు చూసే ఉంటారు.

రిపబ్లికన్ల వైపు కథ వేరు. ఎర్ల్-సియర్స్ మీద డేవ్ లారాక్, అమాండా ఛేజ్ కూడా పోటీకి వచ్చారు, కానీ ఓట్ల దాకా రాకుండా సంతకాల దగ్గరే ఆగిపోయారు. రాష్ట్రమంతటి పదవికి ప్రైమరీలో నిలబడాలంటే 10,000 మంది ఓటర్ల సంతకాలు తేవాలి, అందులో 11 కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) నియోజకవర్గాల్లో ఒక్కోదాని నుంచి కనీసం 400 ఉండాలి. ఉత్తర వర్జీనియాలో ఎన్ని వేలు పోగేసినా, నైరుతి మూల కొండల్లో 400 దొరక్కపోతే లెక్కలోకి రారు. చలికాలంలో మెట్రో స్టేషన్ బయట క్లిప్‌బోర్డ్ పట్టుకుని నిలబడేవాళ్లని చూసి మనం ఫోన్ మాట్లాడుతున్నట్టు నటిస్తూ పక్కనుంచి వెళ్లిపోతాం చూడండి, మీరు అడిగిన ఎంపిక జరిగింది అక్కడే.

మెంబర్‌షిప్ సంగతి: ఇక్కడ ఓటరు రిజిస్ట్రేషన్‌లో పార్టీ అనే గడే లేదు. రెండు పార్టీలకీ అదే రోజు ప్రైమరీ ఉంటే టేబుల్ దగ్గర ఏ బ్యాలెట్ కావాలో అడుగుతాం, ఏదో ఒకటే ఇస్తాం.

పాతకాపు:
ఛేజ్ పేరు వచ్చింది కాబట్టి 2021 చెప్పకుండా ఉండలేను. నా దృష్టిలో గవర్నర్ ఎన్నిక అంటే ఏంటో అర్థం కావాలంటే చూడాల్సింది ఆ ఏడాదే.

అప్పుడు రిపబ్లికన్లకి ఏడుగురు అభ్యర్థులు. మామూలు ప్రైమరీ పెడితే ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే, సగం ఓట్లు రానక్కర్లేదు. ఆ గుంపులో ట్రంప్‌కి వీర మద్దతుదారైన ఛేజ్ 30 శాతంతో గెలిచేస్తే నవంబర్‌లో మునుగుతామని పార్టీలో చాలామందికి ఒకటే టెన్షన్. అందుకని ప్రైమరీ వద్దని కన్వెన్షన్ (పార్టీ ప్రతినిధుల సభ) పెట్టుకున్నారు. దాని మీద ఆమె కోర్టుకి కూడా వెళ్లింది, లాభం లేకపోయింది. కోవిడ్ వల్ల ఒకే హాల్లో కూర్చోవడం కుదరక మే 8న రాష్ట్రమంతా దాదాపు 40 చోట్ల ఓట్లు వేయించారు. అందరికీ కాదు, ముందుగా పార్టీ దగ్గర డెలిగేట్‌గా, అంటే ప్రతినిధిగా, పేరు రాయించుకున్నవాళ్లకే. బ్యాలెట్ మీద ఒక్క టిక్కు పెడితే అయిపోదు, 1, 2, 3 అని వరుస రాయాలి. అవన్నీ రిచ్మండ్‌లో ఒక హోటల్‌కి తెచ్చి చేత్తో లెక్కపెట్టారు. ఒక్కో రౌండ్‌లో ఆఖరున ఉన్నవాళ్లని తీసేసి వాళ్ల ఓట్లు తర్వాతి పేరుకి కలుపుతూ పోతే, ఆరో రౌండ్‌లో గ్లెన్ యంగ్‌కిన్ తేలాడు. అప్పటిదాకా ఏ ఎన్నికా గెలవని మనిషి, కార్లైల్ గ్రూప్ అనే పెట్టుబడుల కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి సొంత డబ్బు కోట్ల డాలర్లలో పెట్టుకుని వచ్చినవాడు (ఈ రాష్ట్రంలో చందాలకి పరిమితి కూడా లేదు, అదో ముచ్చట).

ఓటేసింది ఎంతమందో తెలుసా? 30 వేల పైచిలుకు.

అటు డెమోక్రాట్లు జూన్ 8న మామూలు ప్రైమరీ పెట్టారు, దాదాపు 5 లక్షల ఓట్లు పడ్డాయి, టెర్రీ మెకాలిఫే 62 శాతంతో సునాయాసంగా గెలిచాడు. ఆయన 2014 నుంచి 2018 దాకా గవర్నర్‌గా చేసినవాడే, ఇక్కడ వరసగా రెండోసారి చేయకూడదన్న రూల్ వల్ల ఒక టర్మ్ ఆగి మళ్లీ వచ్చాడు. బైడెన్ ఏడాది క్రితమే 10 పాయింట్లతో గెలిచిన రాష్ట్రం. నవంబర్‌కి దాదాపు 33 లక్షల ఓట్లలో 63 వేల పైచిలుకు తేడాతో మెకాలిఫే ఓడిపోయాడు. స్కూళ్లలో ఏం చెప్పాలో తల్లిదండ్రులు చెప్పకూడదు అనే అర్థం వచ్చేలా సెప్టెంబర్ 28 డిబేట్‌లో ఆయన ఒక మాట అన్నాడు, దాన్నే యంగ్‌కిన్ యాడ్ చేసి రోజంతా తిప్పాడు. తమాషా ఏంటంటే అప్పటికే అర్లీ ఓటింగ్ మొదలై పది రోజులు దాటింది.

అందుకే అంటాను, 30 వేలమందితో వడగట్టిన పద్ధతి ఆ పార్టీకి నవంబర్‌లో నిలబడే మనిషిని ఇచ్చింది. ఛేజే అభ్యర్థి అయ్యుంటే ఆ 63 వేలు ఎటు పోయేవో!

సూటిగా:
పాతకాపు గారూ, కథ బాగుంది గానీ ప్రైమరీకి అంత సీన్ లేదు. 1977 నుంచి చూడండి, వైట్‌హౌస్ ఏ పార్టీ గెలిస్తే తర్వాతి ఏడాది వర్జీనియా గవర్నర్ సీటు ఆ పార్టీకి దక్కదు. ఒక్క 2013 తప్ప, అప్పుడు గెలిచింది కూడా ఇదే మెకాలిఫే. 2021లో బైడెన్ ఉన్నాడు, రిపబ్లికన్ గెలిచాడు. 2025లో ట్రంప్ ఉన్నాడు, ఫెడరల్ ఉద్యోగాలు ఊడాయి, ఓటింగ్ రోజుకి షట్‌డౌన్ (నిధుల్లేక ఫెడరల్ ఆఫీసుల మూత) నడుస్తోంది, స్పాన్‌బర్గర్ 15 పాయింట్లతో గెలిచింది. నామినీ (పార్టీ అభ్యర్థి) ఎవరైతే ఏంటి?

ఎడిసన్‌నుంచి:
సూటిగా గారూ, న్యూజెర్సీలోనూ 1989 నుంచి ఇదే లెక్క చెప్పేవాళ్లు. 2021లో అదే రాత్రి, అదే బైడెన్ ఉండగా, ఇక్కడ డెమోక్రాట్ గవర్నర్ మర్ఫీ గెలిచాడు కదా. 3 పాయింట్లే అనుకోండి, అయినా గెలుపు గెలుపే. గాలి ఒక్కటే సరిపోతే రెండు చోట్లా ఒకటే రావాలి.

ప్రైమరీకి సీన్ లేదనేవాళ్లు మా పాత బ్యాలెట్ ఒక్కసారి చూడాల్సింది. 21 కౌంటీల్లో (జిల్లాల్లాంటివి) 19 చోట్ల కౌంటీ పార్టీ బలపరిచినవాళ్లందరూ ఒకే నిలువు గడిలో, పై నుంచి కింద దాకా నీటుగా ఉండేవాళ్లు. బలం లేనివాళ్లు ఎక్కడో దూరంగా మూలన, పైనా కిందా ఖాళీ గళ్ల మధ్య ఒంటరిగా. ఓటరు అక్కడిదాకా వేలు పెట్టి వెతుక్కోవాలి. దాన్ని కౌంటీ లైన్ అనేవాళ్లు. ఆ లైన్ ఎవరికిస్తే వాళ్లు సగం గెలిచినట్టే, ఇచ్చేది ఏమో కౌంటీ ఛైర్మన్లు, కమిటీలు. 2024లో ఆండీ కిమ్ సెనేట్‌కి పోటీ చేస్తూ దీని మీద కేసు వేస్తే ఫెడరల్ జడ్జి ఆ జూన్ డెమోక్రాట్ల ప్రైమరీకి ఆపేశారు, తర్వాత చట్టమే మార్చారు. 2025 జూన్ 10న ఆరుగురు డెమోక్రాట్లూ ఒకే పెట్టెలో వరసగా కనపడ్డారు. మికీ షెరిల్ 34 శాతంతో గెలిచి, నవంబర్‌లో రిపబ్లికన్ చియాటరెల్లి మీద 14 పాయింట్ల దాకా తేడాతో గెలిచింది.

కొత్తఓటరు:
ఆగండాగండి. 34 శాతంతో నామినీ అయిపోవచ్చా? మా లెఫ్టినెంట్ గవర్నర్ ప్రైమరీలో గజాలా హష్మీకి ఎంతొచ్చిందో ఇప్పుడు చూశాను, 27.5! స్టోనీ కంటే ఒక్క శాతం కూడా ఎక్కువ లేదు. హైదరాబాద్‌లో పుట్టినావిడ అని మా వాట్సాప్ గ్రూపులో ఒకటే సందడి, ఈ లెక్క మాత్రం ఒక్కరూ చెప్పలేదు. నలుగురిలో ముగ్గురు వేరేవాళ్లకి వేశారన్నమాట.

అట్లాంటాబావ:
అందుకే మా జార్జియాలో రన్‌ఆఫ్. 50 శాతం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్లీ ఓటు. 2018 రిపబ్లికన్ ప్రైమరీలో కేసీ కాగిల్ 39 శాతంతో ముందున్నాడు, బ్రయన్ కెంప్‌కి పాతికే. వర్జీనియా అయితే కాగిల్ నామినీ, కథ అక్కడితో ఖతం. ఇక్కడ జూలైలో మళ్లీ పెడితే కెంప్ 69 శాతంతో ఊడ్చేశాడు, నవంబర్‌లో డెమోక్రాట్ స్టేసీ అబ్రామ్స్ మీద 50.2తో గట్టెక్కాడు. అప్పటి నుంచి 27 శాతం గెలుపు అంటే నాకు నమ్మకం కుదరదు.

సూటిగా:
సరే, మర్ఫీ దగ్గర దొరికిపోయాను. కానీ వర్జీనియాలో గాలి ముఖ్యం అన్న మాట మీద మాత్రం ఉన్నాను, 2025లో తేడా 15 పాయింట్లు, సంతకాలు సరిపోయి వేరే అభ్యర్థి వచ్చినా అంత తేడా పూడదు.

పాతకాపు:
15 ఉన్నప్పుడు ఒప్పుకుంటాను. రెండు పాయింట్ల ఏడాదిలో ఒప్పుకోను.

పోలింగ్‌బల్ల:
అట్లాంటాబావా, రన్‌ఆఫ్ అంటే పొద్దున 5కి వచ్చి ప్రమాణం చేసి, రాత్రి 7కి తలుపు మూసి, స్కానర్ నుంచి మూరల కొద్దీ వచ్చే రసీదు చుట్టల మీద అందరం సంతకాలు పెట్టి ఇంటికి పోయేవాళ్లం ఇంకోసారి రావాలి, మా నడుములు కూడా లెక్కలోకి తీసుకోండి.

కొత్తఓటరు గారూ, ఇక్కడ గవర్నర్, లెఫ్టినెంట్ గవర్నర్ జంటగా పోటీ చేయరు, నవంబర్‌లో విడివిడిగా వేస్తాం, కాబట్టి హష్మీ జూన్‌లో 27తో వచ్చినా నవంబర్‌లో సొంతంగా సగం దాటి గెలిచారు. మీ అనుమానం తప్పేం కాదు, కానీ ఆ ఆరుగురిలో ఎవరు గెలిచినా అదే సమస్య.

కొత్తఓటరు:
అర్థమైంది. యంగ్‌కిన్‌లాగే స్పాన్‌బర్గర్ కూడా వరసగా రెండోసారి నిలబడకూడదు కాబట్టి 2029లో రెండు వైపులా సీటు ఖాళీయే. అప్పుడైనా జూన్‌లో గవర్నర్ పేర్లు ఉంటాయేమో. కాగితం వెనక్కి తిప్పి చూసినందుకు మా ఆవిడ ఇంకా నవ్వుతోంది.

పోలింగ్‌బల్ల:
తిప్పి చూడాల్సిందే అండీ, ఎవరన్నారు తప్పని? నవంబర్‌లో ఒక్కోసారి బాండ్ ప్రశ్న (ప్రభుత్వం అప్పు తీసుకోవచ్చా అని ఓటర్లని అడిగేది) వెనక వైపు ఉంటుంది. చాలామంది ముందు వైపు నింపేసి స్కానర్‌లో పెట్టేస్తారు.