కోషర్ ఇంట్లో ఆకుకూరలకు పురుగులు చూడటం: మీరంతా ఎలా చేస్తున్నారు?

జగిత్యాల_పిల్ల:
అక్కలూ, అన్నలూ, ఇజ్రాయెల్‌లో బ్నెయ్ బ్రాక్‌లో 84 ఏళ్ల యూదు సబ్తా (హీబ్రూలో అమ్మమ్మ, నానమ్మ) దగ్గర కేర్‌గివర్‌గా చేరి రెండు నెలలైంది. కోషర్ అంటే యూదుల ఆహార నియమాల ప్రకారం మాంసం గిన్నెలు, పాల గిన్నెలు వేరుగా పెట్టడం అలవాటైంది. పురుగుల దగ్గరే టెన్షన్. మొన్న కొత్తిమీర మూడుసార్లు కడిగి సూప్‌లో వేశాను. సబ్తా కూతురు వచ్చి గరిటెతో తీసి చూస్తే, ఆకు వెనక ఆవగింజంత పచ్చ పురుగు అంటుకుని ఉంది. కుండెడు సూప్ పారబోశారు. నన్ను ఒక్క మాట అనలేదు, కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. సరైన పద్ధతి ఏంటో చెప్పండి.

పెతాహ్‌తిక్వా_అక్క:
బాధపడకు చెల్లీ, మాకందరికీ ఇది జరిగింది. ముందు వాళ్ల బాధేంటో తెలిస్తే చేతికి పని తేలికవుతుంది. మనం పురుగు తీసేసి మిగతాది తింటాం. వాళ్లకు పాకే పురుగు తినడం లేవీయకాండం 11వ అధ్యాయంలోనే నిషేధం. ఒక్క చీమ తింటే ఐదు నిషేధాలు మీరినట్టని వాళ్ల ప్రాచీన ధర్మగ్రంథం తల్మూద్ లెక్క. పైగా పురుగు చెక్కుచెదరకుండా ఉంటే దాన్ని ‘బెరియా’ అంటారు. వెయ్యి వంతుల కూరలో ఒక్కటున్నా, అంత కూరలో ఎంతలే అనుకోవడానికి లేదు. అయితే మామూలు కంటికి కనిపించేదే లెక్క. సూక్ష్మదర్శినిలో తప్ప కనపడనిదాని గురించి భయం అక్కర్లేదు.

ఇక పద్ధతి. నీ తప్పు ఎక్కడంటే, కట్టను కట్టగానే కుళాయి కింద పెట్టి ఉంటావు. పేనుబంక ఆకుకు అతుక్కుని ఉంటుంది, వట్టి నీళ్లకు ఊడదు. వేర్లు కోసేసి రెమ్మలు విడదీయి. బేసిన్ నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కొంచెం కలిపి నాలుగైదు నిమిషాలు నానబెట్టి, చేత్తో బాగా కదుపు. తర్వాత కుళాయి ధారలో రెండువైపులా కడుగు. మళ్లీ శుభ్రమైన నీళ్లు తెల్ల గిన్నెలో పోసి, అందులో జాడించి, ఆ నీళ్లను వెలుతురులో చూడు. ఏదైనా తేలితే మొదటికి రావాల్సిందే. లెట్యూస్ అయితే ఒక్కో ఆకు విడదీసి దీపానికి ఎదురుగా పట్టి చూడాలి.

వ్యవసాయం ఇంటి నుంచి వచ్చినవాళ్లకు ఇవన్నీ తెలిసిన పురుగులే: పేనుబంక, తామర పురుగు, తెల్లదోమ. పాలకూర మీద వంకర తెల్లగీత కనిపిస్తే మాత్రం కడగడం దండగ. అది పాముపొడ, పురుగు ఆకు పొర లోపలే ఉంటుంది. ఆ ఆకు పక్కన పెట్టేయి.

ఒక్కటి గుర్తుంచుకో. కడగడం నీది, చివరిచూపు ఇంటివాళ్లది. వాళ్ల కళ్లతో చూసుకుంటేనే వాళ్లకు నెమ్మది.

యెరూషలేం_నుంచి:
దుకాణంలో ‘గుష్ కతీఫ్’ ఆకుకూరలు అడుగు. గాజా తీరంలో ఆ పేరుతో ఉన్న ఊళ్లను 2005లో ఖాళీ చేయించారు, కానీ గ్రీన్‌హౌస్‌లో పురుగు చొరబడకుండా పెంచే ఆ పద్ధతీ ఆ పేరూ మిగిలాయి. ధర ఎక్కువే. మా ఇంట్లో దాన్ని కూడా ప్యాకెట్ మీద రాసినట్టు ఒకసారి సబ్బునీళ్లలో పెడతాం.

నిజామాబాద్_తమ్ముడు:
కాలీఫ్లవర్‌కు మనలాగా ఉప్పు, పసుపు వేసిన వేడినీళ్లు పోశాను, చాలదన్నారు. పువ్వు మడతల్లో తామర పురుగులు అలాగే ఉండిపోతాయట. ఇప్పుడు కోషర్ ముద్ర ఉన్న ఫ్రోజెన్ ప్యాకెట్టే.

అష్దోద్_వదిన:
గురువారమే మొదలుపెట్టు, శుక్రవారం పొద్దు గూకేలోపు అయిపోవాలి. షబ్బాత్, అంటే పని చేయకూడని శనివారం విశ్రాంతి రోజు, ఆకు మీది పురుగు ఏరితే ‘బోరేర్’, అంటే ఏరివేత పని కింద లెక్క. నాకు ఇది తెలియక మొదటి శనివారం సింక్ దగ్గర నిలబడ్డాను, సబ్తా పరుగున వచ్చి ఆపింది.

బియ్యం సంగతి కూడా చెప్పాలి. మా సబ్తా వాళ్లది ఇరాక్ నుంచి వచ్చిన కుటుంబం. పులిసిన ధాన్యం ముట్టని పస్కా పండుగకు ముందు తెల్లగుడ్డ మీద బియ్యం పోసి, గోధుమ గింజ కలిసిందేమోనని మూడుసార్లు గింజ గింజా చూస్తుంది. వేలితో కాస్త కాస్త పక్కకు జరుపుతూ ఆమె కూర్చుంటే, చేట ముందు మా అమ్మే కూర్చున్నట్టు ఉంటుంది. ఆ పనికి నేను కూడా పక్కన కూర్చుంటాను.

జగిత్యాల_పిల్ల:
అందరికీ చాలా థ్యాంక్స్. ఈ గురువారం అక్క చెప్పినట్టే చేశాను. మొదటి నీళ్లలో నాలుగు తేలాయి, రెండోసారి ఒకటి, మూడోసారి నీళ్లు తేటగా ఉన్నాయి. సబ్తా కళ్లద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గర రెమ్మ తిప్పి తిప్పి చూసి ‘నకీ’ (శుభ్రం) అంది. స్టవ్ కూడా తనే వెలిగించింది. స్ట్రాబెర్రీలకు ఏం చేస్తారు?

పెతాహ్‌తిక్వా_అక్క:
తొడిమను కొంచెం కండతో సహా కోసేయి, పురుగులు ఆ పచ్చాకుల కిందే దాక్కుంటాయి. తర్వాత సబ్బునీళ్లు, పైన గట్టి ధార. కొన్ని ఇళ్లలో పైతోలు కూడా తీస్తారు, ముందే అడుగు.