“నేను నాటితిని”: సంఘం నాటడమా, స్థాపించడమా?

ప్రశ్న: 1 కొరింథీ 3:6లో పౌలు మాటగా “నేను నాటితిని, అపొల్లో నీళ్లుపోసెను, వృద్ధి కలుగజేసినవాడు దేవుడే” అని ఉంది. బోర్డుల మీదా కరపత్రాల్లోనూ మాత్రం “సంఘ స్థాపకులు” అనే కనిపిస్తుంది. కొత్త ఊళ్లో సంఘం మొదలుపెట్టడాన్ని “సంఘం నాటడం” అంటే తెలుగులో ఎబ్బెట్టుగా ఉంటుందా?

జవాబు: ఎబ్బెట్టేమీ లేదండీ, అదే సరైన మాట. గ్రీకులో అక్కడున్న క్రియ ‘ఫుతెవో’, మొక్క నాటడం. గింజ చల్లడానికి ‘స్పీరో’ వేరే ఉంది. మత్తయి 13లో “విత్తువాడు” అన్నచోట వచ్చేది అదే. విత్తు, నాటు అని మనకు రెండు క్రియలుండటం వల్ల తెలుగు బైబిల్లో ఆ తేడా చెక్కుచెదరలేదు.

మరో జవాబు: వరి పండించేవాళ్లకు ఈ మాటలో ఇంకా చాలా వినపడుతుంది. నాటాలంటే ముందు నారుమడి ఉండాలి. కొత్త ఊరికి ఒక్క పాస్టర్ గారిని పంపి ఊరుకుంటే అది నాటు కాదు. తల్లి సంఘంలో వాక్యం చెప్పడం, ప్రార్థన నడిపించడం, కానుకలు లెక్కపెట్టడం నేర్చిన మూడు నాలుగు కుటుంబాలే నారు. వరిని కుదురుకు రెండు మూడు మొక్కల చొప్పున పెడతారు కదా, ఇక్కడా అంతే: ఒక్క కుటుంబాన్నే పంపితే ఆ ఇంట్లో జబ్బు చేసినా బదిలీ వచ్చినా కూడిక ఆగిపోతుంది.

ఇంకొకటి, నారు ముదరకూడదు. ముదురు నారు పిలకలు (మొదట్లోంచి వచ్చే పక్క మొలకలు) సరిగా వేయదు. ఇరవై ఏళ్లు ఒకే బెంచీలో కూర్చున్నవాళ్లు కొత్త చోట కూడా పాత సంఘాన్నే వెతుక్కుంటారు. లోతుగా నాటినా పిలకలు తగ్గుతాయి. మొదటి నెలలోనే స్థలం కొని, స్లాబు వేసి, మైకు సెట్టు బిగించడం అలాంటిదే. ఆ అప్పు తీర్చడంతోనే సరిపోతుంది, పక్క ఊరి ఆలోచన రాదు. నాటిన పైరు మూన తిరిగేదాకా, అంటే వేరు పట్టి పచ్చబడేదాకా, పొలంలో పలచగా నీరుంటే చాలు. కొత్త కూడికకూ మొదటి ఏడాది ఇళ్లలో వారం వారం ప్రార్థన, ఆదివారం ఆరాధన చాలు.

వేరొకరు: పదో వచనంలో పౌలే “నేర్పరియైన శిల్పకారునివలె పునాదివేసితిని” అన్నాడు. మరి స్థాపన అంటే తప్పేముంది?

జవాబు: తప్పు లేదు. కానీ వెంటనే “మరియొకడు దాని మీద కట్టుచున్నాడు” అన్నాడు, ఆ పునాది యేసుక్రీస్తే అని పదకొండో వచనం. ‘స్థాపకులు’ అన్న బిరుదుకు అక్కడ చోటెక్కడ? పౌలు కొరింథులో ఉన్నది ఏడాదిన్నర (అపొస్తలుల కార్యములు 18:11). క్రేతు ద్వీపంలో తన తోటి పనివాడు తీతును విడిచి వచ్చింది ప్రతి పట్టణంలో పెద్దలను నియమించడానికి (తీతు 1:5). పెద్దలు ఏర్పడనంతవరకు నాటు పని పూర్తి కానట్టే.

వ్యాకరణం గురించి ఒక మాట: గ్రీకులో నాటడం, నీళ్లు పోయడం రెండూ ముగిసిన పనులుగా ఉంటాయి. వృద్ధి మాత్రం ‘కలుగజేస్తూ ఉండెను’ అనే కాలంలో ఉంది. మన “కలుగజేసినవాడు”లో ఆ కొనసాగింపు వినపడదు. ఏడో వచనంలో “కలుగజేయు” అన్నప్పుడు కొంత దక్కింది.

మరో జవాబు: నీళ్లు పోయడాన్ని, అంటే నాటిన తర్వాత బోధించి పెంచడాన్ని, చిన్నపనిగా చూడకండి. ఒంగోలు ప్రాంతంలో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఇద్దరి చొప్పున మార్చుకుంటూ ఇచ్చారు. ఆ ఒక్కరోజు పని తర్వాత పల్లెపల్లెకూ ఉపదేశి కావాల్సి వచ్చింది.

ప్రశ్న అడిగినవారు: అయితే కొత్తదాన్ని ‘బ్రాంచి’ అనొచ్చా?

జవాబు: వాడుకలో ఉంది కానీ నాకు నచ్చదు. బ్రాంచి అనగానే కానుకలు హెడ్డాఫీసుకు, నిర్ణయాలు హెడ్డాఫీసువి. ‘పిల్ల సంఘం’ అనండి, పిల్ల పెరిగి వేరు కాపురం పెడుతుంది. రిజిస్ట్రేషన్ దగ్గర మాత్రం జాగ్రత్త: ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం (2001) కింద నమోదయ్యే సంఘం వేరు, ఆరాధించే సంఘం వేరు. సొసైటీగా నమోదుకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. స్థలం ఆ సొసైటీ పేరునే రాయించాలి. పాస్టర్ గారి సొంత పేరున ఉంటే, ఆయన తర్వాత అది వారసుల ఆస్తి అవుతుంది, సంఘం రోడ్డున పడుతుంది.