"ధ చా మా": అక్షరం దిద్దింది ఎవరు?

ప్రశ్న: పుణేలో ఉంటున్నాం. మా అపార్ట్‌మెంట్ నోటీసులో "5వ తేదీ" పక్కన ఎవరో ఒకటి చేర్చి 15 చేశారు. పక్కింటావిడ చూసి "ధ చా మా కేలా" అని ఒకటే నవ్వు. ఇది మరాఠీ సామెతా? దీని వెనక కథేమైనా ఉందా?

జవాబు: సామెత కాదండీ, మన జాతీయం లాంటిది. వాళ్లు సామెతని "మ్హణ్" అంటారు, ఇలాంటి పలుకుబడిని "వాక్‌ప్రచార్" అంటారు. రాతలో ఒక్క అక్షరం మార్చి అర్థం తలకిందులు చేస్తే "ధ"ని "మా" చేశారంటారు.

కథ పుణేలోని పేష్వాల కోట శనివార్‌వాడాలో జరిగింది. పేష్వా (మరాఠా రాజ్య ప్రధాని) నారాయణరావుకి అప్పుడు 18 ఏళ్లు. బాబాయి రఘునాథరావుని అదే వాడాలో కాపలాలో ఉంచాడు. ఆ బాబాయి గారదీ సిపాయిల నాయకుడు సుమేర్‌సింగ్‌కి చీటీ రాశాడట: నారాయణరావుని "ధరావే", అంటే పట్టుకోవాలి. రఘునాథరావు భార్య ఆనందీబాయి దాన్ని "మారావే" అని దిద్దిందట, అంటే చంపాలి. మన "పట్టండి"ని "కొట్టండి" చేసినట్టు! 1773 ఆగస్టు 30న ఆ కుర్రవాణ్ణి నరికేశారు. "కాకా, మలా వాచవా" (బాబాయ్, నన్ను కాపాడు) అంటూ పరిగెత్తాడని చెబుతారు. ఆ కేక కూడా మరాఠీలో నిలిచిపోయింది.

హత్య చరిత్రే. చీటీ దగ్గరే నాకు అనుమానం. "ధరావే"ని "మారావే" చేయాలంటే ధ ని మ చేస్తే సరిపోదు, పక్కన దీర్ఘం (వాళ్ల "కానా") కూడా పెట్టాలి. అందుకే పలుకుబడిలోనూ "మ" కాదు, "మా". పైగా అప్పటి దఫ్తరు రాతలన్నీ మోడీ లిపిలో, అంటే మరాఠీ గొలుసుకట్టు రాతలో. కథ చెప్పేవాళ్లేమో ఇప్పటి బాలబోధ (దేవనాగరి) అక్షరాలు మనసులో పెట్టుకుని చెబుతారు. ఆనందీబాయే దిద్దిందనడానికి గట్టి రుజువు లేదు. విచారణ జరిపిన న్యాయాధీశుడు రామశాస్త్రి ప్రభుణే దోషిగా తేల్చింది రఘునాథరావుని. భాష మాత్రం పాపాన్ని భార్య ఖాతాలో రాసేసింది!

ఇదే రఘునాథరావు పేరు మీద గొప్ప మాట కూడా ఒకటుంది. 1758లో మరాఠా సేన సింధు ఒడ్డున అటక్ దాకా వెళ్లింది. అందుకే ఎవరైనా ఘనకార్యం చేస్తే ఇప్పటికీ "అటకేపార్ ఝేండా" అంటారు, అటక్ అవతల జెండా పాతాడని.

మళ్లీ ప్రశ్న: గారదీ అంటే గుంపా? పుణే బస్సుల్లో "గర్దీ ఆహే" అంటుంటారు కదా?

జవాబు: రెండూ వేరండీ. గర్దీ అంటే జనసమ్మర్దం, ఫారసీ నుంచి వచ్చింది. 1761 పానిపట్టు యుద్ధంలో మరాఠా సేనాని సదాశివరావు భావు సేన చెల్లాచెదురైంది కదా, ఆ గందరగోళమే "భావుగర్దీ". ఇప్పుడు పెళ్లి భోజనాల దగ్గర తోపులాటకీ అదే మాట. గారదీ అంటే ఐరోపా పద్ధతిలో కవాతు నేర్చిన సిపాయి. ఫ్రెంచివాళ్ల "గార్ద్" నుంచి వచ్చిందని కొందరు, పడమటివాడు అనే అర్థమున్న అరబ్బీ "ఘర్బీ" నుంచి అని కొందరు అంటారు. మన గారడీతో దీనికి చుట్టరికం లేదు. హైదరాబాదుతో మాత్రం ఉంది. పానిపట్టులో మరాఠాల ఫిరంగులు నడిపిన ఇబ్రహీం ఖాన్ గారదీ ఆ విద్య నేర్చింది నిజాం కొలువులో, ఫ్రెంచి సేనాని బుస్సీ దగ్గరే.